కొసరు వేసిన బూట్లు

ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళ కాళ్ళ గురించి ఎవరూ పెద్దగా ఆలోచించేవారు కాదు. కాళ్ళున్నాయి, నడుస్తున్నాయి, అంతే. పసుపు రాస్తే పండగ, ముల్లు గుచ్చుకుంటే పిన్నీసు. చెప్పులంటారా, అవి ఊరు దాటి వెళ్ళేటప్పటి వస్తువులు. అప్పుడు కూడా పొలిమేర దాకా చేత్తో పట్టుకుని వెళ్ళి, పొలిమేర దాటాక కాళ్ళకి వేసుకునేవాళ్ళు (అరుగుల మీద పెద్దవాళ్ళు కూర్చునుంటారు కదా, వాళ్ళ ముందు టపటపలాడించుకుంటూ నడిస్తే పెంపకం మీదికి వస్తుంది). ఇక ఆ చెప్పులు కొనడానికి కొట్టుకి వెళ్ళి, ఎవరో మగమనిషి ముందు కాలు చాపుకుని కూర్చోవడమన్నది మా ఇళ్ళల్లో ఊహకి అందని సంగతి. ఇంట్లోనే కాలి కింద ఒక కొబ్బరీనె పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా కొలిచి, తుంచి, ఆ పుల్లని మగవాళ్ళ చేతికి ఇచ్చేవారు. నాన్న దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని శ్రీకాకుళం వెళ్ళేవాడు. కాలు ఇంట్లో, కొలత జేబులో, చెప్పులు పట్నంలో. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా అమ్మకి ఈ పద్ధతిలో వచ్చిన చెప్పుల్లో ఒక్క జతైనా సరిపోయినట్టు నాకు గుర్తులేదు. అయినా ఎవరూ పద్ధతిని తప్పుపట్టలేదు. సరిపోకపోవడం చెప్పుల స్వభావం అనుకునేవాళ్ళు.

అలాంటి ఇంటి పిల్లనైన నాకు, అరవైల చివర్లో ఒక చలికాలం, మంచులో నడిచే బూట్లు కావలసి వచ్చాయి. అప్పుడు నేను విజయనగరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. కాలేజీలో ఆడపిల్లలకి కవాతు నేర్పే దళం ఒకటి ఉండేది. అందులో చేరినవాళ్ళకి కవాతు అయ్యాక పూరీలూ బంగాళాదుంప కూరా పెట్టేవారు. నేను పూరీల కోసమే చేరాను, దేశభక్తి తర్వాత మెల్లగా వచ్చింది. మాకు కవాతు నేర్పే ఆవిడ మెడలో నిద్రపోయేటప్పుడు కూడా ఈల ఉంటుందని హాస్టల్లో చెప్పుకునేవారు, అందుకని ఆవిడని మేమంతా విజిల్ మేడం అనేవాళ్ళం (ఆవిడకి వినపడనంత దూరంలో). ఒకరోజు ఆవిడ ఈల ఊది అందర్నీ నిలబెట్టి, హిమాలయాల్లో ఎక్కడో ఆడపిల్లలకి చలికాలపు కొండనడక శిబిరం పెడుతున్నారనీ, మా కాలేజీ నుంచి ఒక్కర్ని పంపమన్నారనీ, అక్కడ మంచు మోకాలి లోతు ఉంటుందనీ చెప్పారు. మోకాలి లోతు అనగానే మా వరసలో సగం మంది ఒక అడుగు వెనక్కి వేశారు. నేను ముందుకి వేశాను. ధైర్యం వల్ల కాదు. మా వంశంలో బరంపురం దాటి ఉత్తరానికి వెళ్ళిన మనిషి ఒక్క ముత్తాతే. ఆయన కాశీ వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఆయన తర్వాత అటు వెళ్ళేదాన్నీ, వెళ్ళి తిరిగొచ్చి చూసింది చెప్పేదాన్నీ నేనే కావాలని ఎంత గట్టిగా అనిపించిందంటే, ఆ పూట పూరీలు కూడా నాకు రుచించలేదు.

పోటీ పెట్టారు. నెల్లిమర్ల దారిలో మైళ్ళకి మైళ్ళు నడిపించారు. అందరికంటే ముందు వచ్చింది నిచ్చెన. అది మేం పెట్టుకున్న పేరు. కళింగపట్నం వైపు సముద్రం మీద చేపలు పట్టే ఇంటి పిల్ల. మనిషి పొడుగు, కాళ్ళు పొడుగు, పాదాలు అంతకన్నా పొడుగు. పుట్టిన దగ్గర్నుంచీ ఉత్తికాళ్ళతో ఇసకలో నడిచింది కాబట్టి కాలివేళ్ళన్నీ దేనికదే విచ్చుకుని, నేల మీద ఆనితే ఇక కదలనట్టు ఉండేవి. రెండోదాన్ని నేను, ఆ పిల్ల వీపు కూడా కనపడనంత వెనక. అయితే మేడం ఆఖర్న, బూట్లు ఎవరికున్నాయని అడిగారు. నిచ్చెన తడుముకోకుండా నిజం చెప్పేసింది. బూట్లు లేవు, వాళ్ళింట్లో ఎవరికీ ఎప్పుడూ లేవు. నేను కూడా తడుముకోకుండా, మా నాన్న కొంటాడండీ అన్నాను. దాంతో నేను వెళ్ళేదాన్ని, నిచ్చెన నాకు జ్వరమో మరోటో వస్తే వెళ్ళేది అయ్యాం. రైలు ఎక్కేముందు నేను ఆ బూట్లు వేసుకుని రామతీర్థం కొండ ఎక్కి దిగి చూపించాలి. "కాలికి సరిగ్గా పట్టని బూట్లతో మంచులోకి వెళితే వేళ్ళు పోతాయి. బూట్లు సరిగ్గా లేని పిల్లని నేను రైలెక్కించను" అన్నారు మేడం. (ఆవిడది కాకినాడ. మంచు సంగతి ఆవిడకీ పుస్తకంలోదే. కానీ మెడలో ఈల ఉన్నవాళ్ళ మాట ఎవరు కాదంటారు.)

నాలుగు రోజులు సెలవు పెట్టి ఊరొచ్చాను. మాది శ్రీముఖలింగానికి కాస్త అవతల, వంశధార గట్టున ఉన్న ఊరు. ఇంట్లో నాన్న, అమ్మ, నాన్నమ్మ. వీళ్ళు కాక ఆ నాలుగు రోజులూ మా మేనత్త కొడుకు, అంటే మా బావ, పనిగట్టుకుని వచ్చి కూర్చున్నాడు. బావ కొత్తవలసలో, కొండల మీదికి కొత్తగా పడిన రైలుదారి పనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర కూలీల హాజరు వేసేవాడు. అక్కడికొచ్చే పంజాబీ ఇంజనీరు ఒకాయన మంచుదేశం మనిషట. ఆయన్ని దూరం నుంచి చూడడం వల్ల బావకి లోకంలోని సమస్త విషయాలూ తెలిసిపోయాయి. హిమాలయాల మాట వినగానే ఇంట్లో గొడవ అవుతుందనుకున్నాను గానీ, కాలేజీవాళ్ళు తీసుకెళ్ళి కాలేజీవాళ్ళే తీసుకొస్తారంటే నాన్న ఇట్టే ఒప్పుకున్నాడు. నాన్నమ్మ, వాళ్ళ మావగారు కాశీలో ఏమయ్యాడో వీలైతే కనుక్కుని రమ్మంది. చిక్కంతా బూట్ల దగ్గరే వచ్చింది. మంచంటే ఏమిటో తేలితే గానీ దానికి ఎలాంటి బూట్లు కావాలో తేలదు. మా ఇంట్లో ఎవరి మంచు వాళ్ళకి ఉంది.

నాన్నమ్మ ఉద్దేశంలో మంచంటే మాఘమాసంలో పొద్దున్నే గడ్డి మీద పడి, ఎండెక్కితే పోయేది. దానికి తలకి గుడ్డ చాలు, కాళ్ళకి ఎందుకంది. నాన్న లెక్కే వేరు. మోకాలి లోతు దిగబడుతుందంటే అది దమ్ము చేసిన మడి లాంటిదే అయ్యుండాలి. "దమ్ములో సెప్పులేసుకుని దిగితే ఏటవుతాది. కాలొస్తాది, సెప్పు ఆడే ఉండిపోద్ది" అన్నాడు. అంత తెలిసినవాడు బూట్లు మాత్రం కొని తీరాలన్నాడు, ఎందుకంటే మేడం చెప్పింది. బావ ఈ ఇద్దర్నీ చూసి జాలిపడి, మంచంటే ఐసు అనీ, చేపలబుట్టల్లో వేస్తారే ఆ ఐసే అక్కడ నేలంతా పరిచి ఉంటుందనీ, పైన నడిస్తే జారడం తప్ప దిగబడడం ఉండదనీ, అడుగున మేకులున్న తోలు బూట్లు కావాలనీ తేల్చాడు. ఇంజనీరుగారు చెప్పారా అని నాన్న అడిగాడు. చెప్పక్కర్లేదు, ఆయన బూట్లు చూస్తే తెలుస్తుంది అన్నాడు బావ. ఆ బూట్లకి అడుగున మేకులున్నది బావ ఎలా చూశాడో ఎవరూ అడగలేదు.

ఇక కొలత. ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో కొసరు లేకుండా దేన్నీ కొలిచేవారు కాదు. కూలివాళ్ళకి ధాన్యం కొలిస్తే కుంచం మీద ఒక గుప్పెడు, ఇరుగుపొరుగుకి నువ్వులు బదులిస్తే తవ్వ మీద ఒక చారెడు, ఆఖరికి పిల్లలకి జ్వరం కషాయం పోసినా గ్లాసు మీద రెండు చుక్కలు. కొలిచినంతే ఇవ్వడం కోమటింటి లెక్కగానీ కాపింటి లెక్క కాదని నాన్నమ్మ అనేది (కోమట్లు వింటే వాళ్ళ లెక్క వాళ్ళు చెప్పేవారనుకోండి). మధ్యాహ్నం వసారాలో నన్ను నిలబెట్టి అమ్మ నా కాలి కింద కొబ్బరీనె పెట్టింది. మడమ దగ్గర గోటితో నొక్కింది, బొటనవేలి దగ్గర తుంచబోయి, అటూ ఇటూ చూసి, ఒక వేలెడు వదిలి తుంచింది. ఉన్ని మేజోళ్ళు వేసుకుంటావు కదా, వాటికి చోటుండాలి అని గుసగుసగా చెప్పి, ఈ సంగతి మీ నాన్నమ్మకి చెప్పకు, ప్రతిదానికీ వంక పెడతాది అంది. పుల్లని చూరులో దోపి తను దొడ్లోకి వెళ్ళింది.

కాసేపటికి నాన్నమ్మ వచ్చి చూరులోంచి ఆ పుల్ల తీసింది. నా కాలి పక్కన పెట్టకుండానే, ఎత్తి వెలుతుర్లో చూసి, మీ అమ్మకి చెయ్యి చిన్నది అంది. "ఎదిగే పిల్ల కాలు బిగించి కొలుత్తారేటే. నాలుగు నాళ్ళు తొడగాలా వొద్దా." నాకు పంతొమ్మిదేళ్ళు నిండాయనీ, కాళ్ళు ఎదగడం ఎప్పుడో మానేశాయనీ చెప్పి చూశాను. ఆవిడ కళ్ళకి నేనింకా ఏ ఏడుకా ఏడు ఎదుగుతూనే ఉన్నాను. ఇంకో ఈనె తీసి, అమ్మ పుల్ల మీద ఒక వేలెడు పెంచి తుంచి, పాతది పొయ్యిలో పడేసి, కొత్తది చూరులో దోపింది. మీ అమ్మతో అనకు, నొచ్చుకుంటాది అంది. నేను ఇద్దరితోనూ అలాగే అన్నాను. ఆ ఇంట్లో అందరితోనూ బాగుండాలంటే 'అలాగే' అన్న మాటని మించిన మంత్రం లేదని చిన్నప్పుడే తెలుసుకున్నదాన్ని.

మర్నాడు నాన్న ఆ పుల్లని జేబులో పెట్టుకుని మొదటి బస్సుకి శ్రీకాకుళం వెళ్ళాడు, పొద్దు వాలాక వచ్చాడు. కొట్లో ఏం జరిగిందో తనే చెప్పాడు. ఆడవాళ్ళ బూట్లు కావాలంటే కొట్టువాడు నలుగుర్నీ పిలిచి నవ్వుతాడేమోనని, 'మావోడికి' అన్నాడట. మీవాడు ఏం చేస్తాడు అంటే కాలేజీ అన్నాడట. అయితే ఫుట్‌బాల్ ఆడతాడా అంటే, ఆఁ, కొండలెక్కుతాడు అన్నాడట. ఆ తర్వాత కొట్టువాడు ఏమీ అడగలేదట. పెట్టెలోంచి బూట్లు తీశాడు. నల్లటి తోలు, చీలమండ దాటి పైకి లేచేవి, అడుగున వరసగా మేకులు. ఒక్కొక్కటి ఎత్తితే ఇటుకంత బరువుంది. ఆడవాళ్ళ కోసం చేసిన బూట్లు మా జిల్లా మొత్తం మీద ఉండేవి కావు, కాబట్టి ఎంపికంటూ ఏమీ లేదు. దొరికిందే ఎంపిక.

అందరూ వసారాలో చేరారు. నేను కాలు లోపల పెట్టాను. కాలు వెళ్ళింది, వెళ్ళాక కూడా అటుపక్క ఇంకెవరైనా ఉంటారేమోనన్నంత చోటు మిగిలింది. అమ్మ వేలూ నాన్నమ్మ వేలూ కలిపి లెక్కేసుకున్నా అంత ఖాళీ రాకూడదు. ఆ మిగతాది ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. తలెత్తి చూద్దును కదా, మూడు మొహాలు నా మీదే ఉన్నాయి. నాన్న పొద్దుట్నుంచీ తిండి లేనివాడు, బస్సు దుమ్ము మీసాల మీద అలాగే ఉంది. "సరిపోయినాయా" అన్నాడు. సరిపోయాయి అన్నాను. అమ్మ నాన్నమ్మ వైపు చూడకుండా చిన్నగా నవ్వుకుంది. నాన్నమ్మ అమ్మ వైపు చూడకుండా గొంతు సవరించుకుంది. నేను లేచి రెండడుగులు వేశాను. మొదటి అడుగుకి కాలు కదిలింది, రెండో అడుగుకి బూటు కదిలింది. ఈ రెంటికీ సయోధ్య కుదరాలంటే పాత చీర ముక్కలు నాలుగు కావాలని లోలోపలే అనుకున్నాను.

బావ మాత్రం అంతటితో వదల్లేదు. ఐసు మీద పరీక్ష చెయ్యకుండా పంపడం ప్రమాదమన్నాడు. సైకిలేసుకుని వెళ్ళి, చేపలు ఎగుమతి చేసేవాళ్ళ దగ్గర్నుంచి రంపపు పొట్టులో చుట్టిన ఐసు దిమ్మ ఒకటి గోనెసంచిలో కట్టుకుని వచ్చాడు. బయల్దేరినప్పుడు అది నిలువెత్తు దిమ్మట, మా వాకిట్లో విప్పేసరికి పీటంత ఉంది. వాసన మాత్రం ఏమీ కరగలేదు. మా నాన్నమ్మ కార్తీకమాసం నియమాల్లో ఉంది, ముక్కు మూసుకుని తులసికోట అవతలకి వెళ్ళి నిలబడి, హిమాలయాలు ఇలా కంపు కొడితే మునులు అక్కడ ఎలా ఉంటారని అడిగింది. బావ దానికి జవాబు చెప్పకుండా నన్ను దిమ్మ మీద నిలబడమన్నాడు. నాన్న ఒక చెయ్యి, బావ ఒక చెయ్యి పట్టుకున్నారు. నేను ఎక్కాను. బూట్లు దిమ్మ మీదే నిలిచాయి, మేకులు బాగానే పట్టాయి. బూట్లలోపల ఉన్న నేను మాత్రం ముందుకి జారాను. జారినదాన్ని బావ మీద పడ్డాను, బావ చేపల నీళ్ళలో పడ్డాడు. వీధిలో పిల్లలంతా సంతోషించారు. పడి లేచిన బావ, బట్టలు పిండుకుంటూ, బూట్లు నెగ్గాయని ప్రకటించాడు. నిజానికి బూట్లు నెగ్గినమాట నిజమే.

రామతీర్థం పరీక్షకి నేను చెయ్యగలిగిందంతా చేశాను. రెండు జతల మేజోళ్ళు తొడిగాను. బూటు ముక్కులో చీర ముక్కలు కుక్కాను, మడమ దగ్గర దూది పెట్టాను, లేసులు చీలమండ చుట్టూ తిప్పి తిప్పి కట్టాను. మేడం ఈల ఊదారు. నేనూ నిచ్చెనా మేడమూ ఎక్కడం మొదలెట్టాం. నిచ్చెన ఎప్పట్లాగే ఉత్తికాళ్ళతో, చెయ్యి ఊపుకుంటూ. ఎక్కేటప్పుడు ఫర్వాలేదు, కాలు ముందుకి తోస్తుంది కాబట్టి బూటు వెంటే వచ్చింది. పాత బౌద్ధుల ఇటుక గోడల దాకా ఎక్కి, అక్కడ నిలబడి కిందకి చూస్తే చేలన్నీ పచ్చగా, నాకప్పుడే హిమాలయాలు ఎక్కేసినంత గర్వం వచ్చింది. మేడం కూడా బావుందన్నారు. దిగడం మిగిలింది.

దిగుతుంటే చీర ముక్కలు బూటు ముక్కులోకి చేరి ఉండలు కట్టాయి, దూది జారిపోయింది. అడుగు తీసి కింది మెట్టు మీద వేద్దామనుకున్నాను. కాలు దిగింది, బూటు దిగలేదు. ఊపుకి అది నా కాలిని వదిలేసి నన్ను దాటుకుని, మెట్టు మీద నుంచి మెట్టు మీదికి ధబధబా దొర్లుతూ, ముందు వెళుతున్న మేడం పక్కనుంచి, కింద ఉన్న నిచ్చెన దాకా వెళ్ళింది. నిచ్చెన దాన్ని గోనెలోంచి జారిన కొబ్బరికాయని ఆపినట్టు కాలితో ఆపింది. ఆపి, తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, లోపలి చీర ముక్కలు బయటకి లాగి, సరదాకి కాలు పెట్టి చూసింది. కాలు లోపలికి వెళ్ళి నిండుగా కూర్చుంది. మడమ దగ్గర వేలు దూరే సందు లేదు. ఆ పిల్ల మొహంలో సంతోషం వచ్చింది, వెంటనే భయం వచ్చింది, గబగబా తీసెయ్యబోయింది. మేడం ఆగమన్నారు.

నేను ఒంటి బూటుతో మెట్టు మీద కూర్చుండిపోయాను. రైలు ఎల్లుండి. శ్రీకాకుళం వెళ్ళి రావడానికి వ్యవధి లేదు, వెళ్ళినా వేసుకున్న బూట్లు వెనక్కి తీసుకునేవాడు లేడు. మేడం నా కాలు చూశారు, నిచ్చెన కాలు చూశారు, తర్వాత చేల వైపు చూస్తూ నిలబడ్డారు. నన్ను ఏమీ అడగలేదు. అడిగితే ఇవ్వనని చెప్పేదాన్నేమో. అడక్కపోవడం వల్ల మాట నేనే ఎత్తాల్సి వచ్చింది. రెండో బూటు లేసు విప్పడం మొదలెట్టాను. నిచ్చెన పైకి వచ్చి నా పక్కన కూర్చుని, తన కాలికున్నదాన్ని తీసి నా ముందు పెట్టింది.

"నాకొద్దు. మీ నాన్న నీకోసం కొన్నాడు. నువ్వే ఎల్లు."

"నాకోసం కొన్నాడుగానీ నీ కాలికి కొన్నాడు" అన్నాను. "నానేటి సేస్తాను. ఏసుకో."

అక్కడ గొప్పతనమేమీ లేదని మనవి చేస్తున్నాను. ఆ పిల్ల నాకంటే బాగా నడుస్తుందని మొదటి రోజు నుంచీ నాకు తెలుసు. తెలిసినా ఆ రాత్రి హాస్టల్ స్నానాల గదిలో కుళాయి తిప్పి చాలాసేపు ఏడ్చాను. నాకు మంచు పోయిందన్న ఏడుపు కొంత, ఇంట్లో వాళ్ళ మీద కోపం కొంత. కోపం ఎవరి మీద చూపించాలో తెలియకపోవడం వల్ల ఏడుపు ఇంకా ఎక్కువైంది. అమ్మ మీదా, నాన్నమ్మ మీదా, కొబ్బరిచెట్టు మీదా? అనుకున్న రోజుకి నా బూట్లు విజయనగరం స్టేషన్లో రైలెక్కాయి. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యి ఊపాను. నిచ్చెన ఏడుస్తూ ఊపింది.

ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలో దారి పొడుగునా ఆలోచించాను. ఉన్నమాట చెబితే ఎవరెంత కొసరు వేశారో బయటపడుతుంది. అమ్మ నాన్నమ్మనీ నాన్నమ్మ అమ్మనీ ఒక మాటనుకుని, ఆ తర్వాత ఇద్దరూ ఎవరికి వాళ్ళు కూర్చుని ఏడుస్తారు. కాబట్టి, ఆఖర్న ఒక్కర్నే పంపాలన్నారనీ, ఆ పిల్ల నాకంటే బాగా నడుస్తుందనీ, అందుకని మేడం ఆ పిల్లని పంపారనీ చెప్పాను. అందులో అబద్ధం ఎంతుందో మీరే లెక్క కట్టుకోండి. నాన్న అంతా విన్నాడు. తర్వాత, "ఆ పిల్లకి బూట్లో మరి" అన్నాడు. నావే ఇచ్చానన్నాను. నాన్న మొహం తేటపడింది. మనిషి పోకపోతేనేం, మన బూట్లయినా కాశీ దాటి వెళ్ళాయి కదా అన్నాడు. ఆ మాట ఊరంతా చెప్పాడు కూడా.

నిచ్చెన తిరిగొచ్చింది. వచ్చిన రోజు హాస్టల్లో అందరికీ మంచు గురించి చెప్పి, రాత్రి భోజనాలయ్యాక నా దగ్గరికొచ్చి బూట్లు నా మంచం కింద పెట్టింది. అవి వెళ్ళినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, మెరుస్తూ. ఆ పిల్ల నిజాన్ని పక్కకి తిప్పి చెప్పడం ఎరగదు. దిగగానే అక్కడివాళ్ళు అందరి పాదాలూ కొయ్య కొలబద్ద మీద పెట్టించి కొలిచి, ఆడపిల్లల కాళ్ళకని చేసిన బూట్లు వాళ్ళే ఇచ్చారట. నావి పెట్టె అడుగునుంచి పైకి రాలేదట. ఇక మోకాలి లోతు మంచులో ఆ బూట్లు కూడా చాలవట, వాటి కింద బెత్తాలతో అల్లి వార్లు బిగించిన చేటల్లాంటివి కట్టారట. "కాలు ఎంత పెద్దదైతే అంత మంచిదంట. దిగబడదంట. మన బూట్లకన్నా పెద్దవి, సూస్తే నువ్వు నవ్వుతావు" అంది. నవ్వలేదు, ఒళ్ళు మండింది. వెళ్ళి ఉంటే ఉత్తికాళ్ళతో వెళ్ళినా సరిపోయేదన్నమాట. కాలికి పట్టే బూట్లు లేవని నేను ఆగిపోతే, అక్కడ అడిగింది కాలికి మించిన వాటినే. ఆ రాత్రి బూట్ల వైపు కూడా చూడలేదు.

ఆ పై నెలలో బూట్లు తీసుకుని ఊరెళ్ళాను. నాన్నమ్మ వాటిని ఒళ్ళో పెట్టుకుని, మంచు ఎక్కడైనా అంటుకుని ఉంటుందేమోనని లోపల చెయ్యి పెట్టి వెతికింది. మంచులో ఎలా నడిచాయని అందరూ అడిగారు. బాగా నడిచాయన్నాను. అక్కడ కాలు ఎంత పెద్దదైతే అంత మంచిదటని కూడా చెప్పాను, అదొక్కటీ నిజం కాబట్టి. ఆ మాట అన్న తర్వాత ఇంట్లో ఎవరూ మామూలుగా లేరు. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, పొయ్యి ఊదుతున్నట్టు వంగి, నేను ఆ రోజు ఒక వేలెడు వదలబట్టి కదా అంది. అవునమ్మా అన్నాను. నాన్నమ్మ పక్క వేసుకునేటప్పుడు నా చెవిలో, మీ అమ్మ తుంచినట్టే వదిలేస్తే ఏమయ్యేదే అంది. అవును నాన్నమ్మా అన్నాను.

మర్నాడు నాన్నకి చద్దిమూట పట్టుకుని చేలోకి వెళ్ళాను. తిని చెయ్యి కడుక్కుని, అటూ ఇటూ చూసి, కొట్లో జరిగినదాంట్లో తను ఒకటి చెప్పలేదన్నాడు. పుల్లకి సరిగ్గా సరిపోయే జత కొట్టువాడు ముందే ఇచ్చాడట. "మంచి జతే. కానీ అంత దూరం ఎల్లే పిల్లవి. కాలికి ఇరుకయితే ఎవులికి సెప్పుకుంటావని, నానే ఇంకో నెంబరు పెద్దది అడిగి తెచ్చినాను. మీ అమ్మకి తెలీదు" అన్నాడు. నేను గట్టు మీద గడ్డి పీకుతూ కూర్చున్నాను. బూట్లోని ఆ మిగతా ఖాళీ ఎవరిదో అప్పుడు తెలిసింది. ఎన్నాళ్ళ నుంచో ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు. "అందుకే పనికొచ్చినాయి నాన్నా" అన్నాను. ఆయన తలపాగా విదిలించి మళ్ళీ కట్టుకుని, ఆ సంగతి తనకి ముందే తెలుసన్నట్టు పనిలోకి దిగాడు.

తర్వాత చాలా ఏళ్ళకి, ఉద్యోగం అయిపోయాక, యాత్రల బస్సులో వెళ్ళి మంచు చూశాను. అద్దెకిచ్చే బూట్లు వేసుకుని పావుగంట నిలబడ్డాను, చల్లగా ఉంది, ఫొటో తీయించుకున్నాను. అనుకున్నంత గొప్పగా ఏమీ లేదు, లేదా నేను వెళ్ళేసరికి నాకు ఆ వయసు దాటిపోయింది. అక్కడ నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది హిమాలయాలు కాదు. వంటింట్లో, పక్క మీద, చేని గట్టున, ఒకరికి తెలియకుండా ఒకరికి, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా మూడుసార్లు అవునన్న పంతొమ్మిదేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. మంచు ఎలా ఉంటుందో కూడా తెలియని ఆ పిల్ల, మంచు గురించి ముగ్గురికీ మూడు అబద్ధాలు కొలిచి ఇచ్చింది. ఒక్కటి కూడా వదులు కాలేదు, ఒక్కటి కూడా బిగుతు కాలేదు. వాళ్ళు ముగ్గురూ వాటిని ఆఖరిదాకా హాయిగా తొడుక్కుని తిరిగారు.